విత్తనపు మొలక – నమూనా లెక్క



కుండలో అన్నం ఉడికిందీ లేనిదీ ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. నిజమే, కుండంతా ఒకే సెగన ఉడుకుతుంది. విత్తనం అట్లా కాదు. ఒక గింజ బాగా ఎండి ఉంటుంది, పక్కదానికి చెమ్మ తగిలి ఉంటుంది, ఇంకొకదాన్ని పురుగు తొలిచి ఉంటుంది. కనుక ఎన్ని గింజలు చూడవలెనో లెక్క ప్రకారం తేల్చుకోవాలి.

వరి విత్తనంలో నూటికి కనీసం 80 మొలవాలని ధ్రువీకరణ ప్రమాణం. మీరు 25 గింజలు తడిగుడ్డలో చుట్టిపెట్టారు, 20 మొలిచినవి. ‘నూటికి 80 వచ్చింది, ఇంకేం!’ అని నారు పోయబోతారు. ఆగండి.

మొలిచినవి నూటికి 80, మొలవనివి 20. రెంటినీ హెచ్చవేస్తే 1600. చూసిన గింజలు 25 గదా, దానితో భాగిస్తే 64. ఎనిమిదెనిమిదులు అరవైనాలుగు, కనుక వర్గమూలం 8. దాన్ని రెట్టింపు చేస్తే 16. అంటే అసలు మొలక 64 నుంచి 96 దాకా ఎక్కడైనా ఉండవచ్చు! దీనినే విశ్వాస అంతరం అంటారు. ఇట్లా నూరు మార్లు పరీక్షిస్తే సుమారు 95 మార్లు అసలు సంఖ్య మనం కట్టిన హద్దుల్లోనే ఉంటుందని భావం. గింజలు మరీ తక్కువైతే ఇది ఉజ్జాయింపు మాత్రమే.

100 గింజల్లో 80 మొలిస్తే తేడా 8. హద్దులు 72, 88. 400లో 320 మొలిస్తే తేడా 4. హద్దులు 76, 84. గింజలు నాలుగింతలైతే గాని తేడా సగం కాదు. విత్తన పరీక్షా కేంద్రాల్లో 400 గింజలు పెట్టడం ఊరికే కాదు.

ఇంటిదగ్గర 100 గింజలు పెట్టండి. 90 మొలిస్తే హద్దులు 84, 96, నిశ్చింతగా చల్లుకోండి. 64 మాత్రమే మొలిస్తే పై హద్దు కూడా 74 దాటదు. ఆ విత్తనం వద్దు. ఎటూ తేలకపోతే మరో 300 పెట్టి, మొత్తం 400 మీద లెక్క వేయండి.

ఒక బస్తా అయినా పది బస్తాలైనా ఈ లెక్క ఒకటే. అయితే ప్రతి బస్తాలోనూ పైన, నడుమ, అడుగున తీసి బాగా కలిపి, ఏరకుండా లెక్కపెట్టాలి. నిగనిగలాడే గింజలే ఏరితే వెయ్యి పెట్టినా లెక్క తప్పే.

విస్తరణ కార్యకర్తలు మొలక శాతం ఒక్కటే చెప్పక, ఎన్ని గింజలు చూశారో కూడా చెప్పవలెను. పలచబడ్డ నారుమడి చూసి, కార్తె దాటిపోయిందని చింతించేకన్నా, ముందుగా నూరు గింజలు లెక్కపెట్టడం మేలు కాదూ?