చవక గుర్రమా, జాతి గుర్రమా?

హంసలదీవి ఇసుకలో గుర్రమెక్కి రీల్ తీయడానికి ఏ గుర్రమైనా చాలు. పోటీలకు దిగాలంటే లెక్క వేరు. రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ చవగ్గా దొరుకుతుంది, నిజమే. కానీ దానికి తెలిసిందల్లా పరుగే. నెమ్మదిగా నడవడం, చెప్పినచోట ఆగడం మళ్లీ మొదట్నుంచీ నేర్పాలి. మనవాళ్లు ఎద్దును కొనేముందు పళ్లు చూస్తారుగా, ఇక్కడ కాళ్లు డాక్టర్‌తో చూపించండి. పాత దెబ్బ బయటపడితే కొన్న ధరకంటే వైద్యమే ఎక్కువవుతుంది!

2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో డ్రెస్సేజ్ టీమ్ గోల్డ్ కొట్టిన మనవాళ్లు ఎక్కినవి యూరప్‌లో ట్రైనింగ్ అయిన వార్మ్‌బ్లడ్‌లు. ఆటకోసమే పెంచిన జాతులవి.

అలాగని చవక గుర్రాన్ని తీసిపారేయలేం. 1956లో అమెరికాలో హ్యారీ డిలేయర్ కబేళాకు పోతున్న గుర్రాన్ని 80 డాలర్లకు కొన్నాడు. తర్వాత పొరుగాయనకు అమ్మేస్తే, అది కంచెలు దూకి మళ్లీ హ్యారీ ఇంటికే వచ్చేసేది. దాని సత్తా అప్పుడు తెలిసింది. స్నోమ్యాన్ అనే ఆ గుర్రమే 1958లో జంపింగ్ చాంపియన్. అంతకుముందు అది చేసిన పని? నాగలి లాగడం.