కీలచ్చేరి జ్ఞానమ్మగారు

కథోలిక పునీతులన్నంతనే మా కోనసీమ స్త్రీలకు రోమునగరమే స్ఫురించును. తెనుఁగింటి యాఁడుబిడ్డ యొకతె ఆ త్రోవ నడచిన వృత్తాంతము సోదరీమణులు వినఁదగినది.

జ్ఞానమ్మగారు 1822 లో గుంటూరుసీమ ఫిరంగిపురమున జన్మించిరి. మెట్టినది చెన్నపట్టణమునకు పడమటనున్న కీలచ్చేరి; అచ్చటను తెనుఁగు కథోలిక కుటుంబములు కలవు. భర్త గతించెను. వితంతువునకు మూలగదియే లోకమైన దినములవి. ఆఁడుపిల్లకు అక్షరములేల యని పెద్దలనెడి దినములును అవియే. ఆమెయో 1863 లో బాలికలకు పాఠశాల తెఱచిరి!

తిరుసభ ఆమెను దైవసేవకురాలని పేర్కొన్నది. పునీత బిరుదమునకు అద్భుతములు ఋజువు కావలయునఁట. వితంతువు పలక చేతఁబట్టి వాకిటికి వచ్చుట యద్భుతము కాదా యని మేమందుము.

ఆమె 1874 లో పరమపదించిరి. పునీత అన్నమ్మగారి పేరిటి ఆమె కన్యాస్త్రీలు తెనుఁగు, అరవసీమలలో నేఁటికిని బాలికలకు చదువు చెప్పుచున్నారు.