టెండరు పత్రమును చదువు యంత్రము

ప్రభుత్వమునకు ఒక వంతెన కావలసి యుండును. లేదా ఆసుపత్రులకు మందులు, కార్యాలయములకు కంప్యూటర్లు కావలసి యుండును. వానిని సమకూర్చువారిని ఆహ్వానించుచు ప్రభుత్వము ఒక పత్రమును వెలువరించును. మనవారు దానిని టెండరు పత్రమందురు. చూచుటకు ఇది సామాన్యవిషయమే. కాని అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వము వెలువరించు పెద్ద ఆహ్వానములు అనుబంధములతో కూడి వందల పుటలకు పెరుగుట కలదు. అందులో ఏ మూలనో ఉన్న ఒక్క వాక్యమును గమనింపకపోయినచో, వారముల తరబడి శ్రమించి సిద్ధపరచిన ప్రతిపాదన నిష్ఫలము కావచ్చును. పెద్ద సంస్థలకు ఈ పత్రములను చదువుటకే ప్రత్యేకముగా సిబ్బంది ఉందురు. పదిమందితో నడచు చిన్న సంస్థకు మాత్రము ఆ ఒక్క వాక్యము ఒక సంవత్సరపు జీవనాధారము. కావుననే ఈ చదువుపనిలో కొంతభాగమును నేడు సాఫ్టువేరునకు అప్పగించుచున్నారు. యంత్రము ఈ పనిని ఎట్లు చేయుచున్నది? దానిని ఎంతవరకు నమ్మవచ్చును?

పదుమూడు భాగములు

1984 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన ఫెడరల్ అక్విజిషన్ రెగ్యులేషన్ ఇట్టి పత్రములకు ఒక చట్రమును ఏర్పరచినది. అందు 'ఏ' మొదలు 'ఎమ్' వరకు 13 భాగములు కలవు. 'బి' భాగము ధరలను, 'సి' భాగము చేయవలసిన పనిని, 'ఎఫ్' భాగము అప్పగింత గడువులను తెలుపును. 'ఐ' భాగమున ఒప్పందపు షరతులుండును. ప్రతిపాదనను ఏ రీతిగా వ్రాయవలెనో 'ఎల్' భాగము చెప్పును. దానిని ఏ ప్రమాణములతో తూచెదరో 'ఎమ్' భాగము చెప్పును. విద్యార్థికి తెలిసిన మాటలలో చెప్పవలెనన్న, 'సి' పాఠ్యప్రణాళిక. 'ఎల్' జవాబుపత్రమునకు సూచనలు. 'ఎమ్' మార్కుల విభజన. మూడింటిని కలిపి చదువనివాడు పరీక్షలో నెగ్గుట కష్టము.

వాక్యములన్నియు తమతమ భాగములలోనే బుద్ధిగా కూర్చుండినచో యంత్రముతో పనియే లేదు. కాని పుటల పరిమితిని గూర్చిన సూచన ఒక అనుబంధములో దాగి యుండవచ్చును. పనిని వివరించు భాగములో నడుమ ఒక నివేదిక గడువు ఇమిడి యుండవచ్చును. అందుచేత శీర్షికను చూచి కాక, వాక్యమును చూచియే అది ఏ జాతిదో నిర్ణయింపవలసి యున్నది. ఇదియే వర్గీకరణము.

మాటల సాక్ష్యము

మాటలను బట్టి పత్రములను యంత్రముచే వర్గీకరింపజేయు ప్రయత్నము నేటిది కాదు. 1961లో ఎమ్. ఇ. మారన్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు కంప్యూటరు శాస్త్రమునకు సంబంధించిన 405 వ్యాససంగ్రహములను 32 వర్గములుగా విభజింపజూచెను. అందుకు 90 సూచకపదములను ఎన్నుకొనెను. అతడు ఆధారపడినది థామస్ బేస్ అను ఆంగ్ల మతాచార్యుని గణితసూత్రము. బేస్ మరణానంతరము 1763లో ప్రచురింపబడిన వ్యాసములోనిది ఆ సూత్రపు మూలభావము.

దాని పద్ధతిని ఒక ఊహాజనితమైన లెక్కతో గ్రహింపవచ్చును. మనుష్యులు ముందే చదివి గుర్తించిన 'ఎల్' జాతి వాక్యములు 100, 'సి' జాతి వాక్యములు 100 ఉన్నవనుకొందము. 'పుట' అను మాట మొదటివానిలో 30 వాక్యములందు, రెండవవానిలో 2 వాక్యములందు కనబడెను. రెండు జాతులు సమానముగా తటస్థపడునవే అయినచో, 'పుట' అను మాటగల క్రొత్తవాక్యము 'ఎల్' జాతిది అగుటకు 15 రెట్లు అధికముగా అవకాశమున్నది. ఇట్లే ప్రతి మాట చెప్పు సాక్ష్యమును కలిపి హెచ్చవేసి యంత్రము తీర్పు చెప్పును. మాటలు ఒకదానితో నొకటి సంబంధము లేనివని ఈ లెక్క భావించును. భాషలో అది నిజము కాదు. అయినను ఫలితము పెక్కు సందర్భములలో ఉపయోగకరముగనే ఉండును.

అన్ని మాటల సాక్ష్యమునకు ఒకే విలువ లేదు. 'కంట్రాక్టరు' అను మాట పత్రమంతటను ఉండును గనుక అది దేనిని వేరు చేయజాలదు. అరుదుగా వచ్చు మాటకే బరువెక్కువ. ఈ భావమును కారెన్ స్పార్క్ జోన్స్ అను ఆంగ్ల విదుషి 1972లో శాస్త్రీయముగా నిరూపించెను. ఇటీవలి భాషా నమూనాలు, ముఖ్యముగా 2018లో గూగుల్ సంస్థ వెలువరించిన బెర్ట్ వంటివి, మాటను ఒంటరిగా లెక్కింపక దాని ఇరుగుపొరుగులతో కలిపి చూచుచున్నవి.

వ్యాకరణము పట్టు కొలిమి

జాతిని నిర్ణయించుటతో పని ముగియదు. ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికము అని కూడ తేల్చవలెను. ఆ నిబంధనావళి 'షల్' అను క్రియ విధిని, 'మే' అను క్రియ అనుమతిని తెలుపునని నిర్వచించినది. ఇంతవరకు సులభమే. కాని 'నో పర్సన్ మే' అని వాక్యము ఆరంభమైనచో అది అనుమతి కాదు, నిషేధమని కూడ ఆ నిర్వచనమే హెచ్చరించుచున్నది. 'మే' అను మాటను మాత్రమే లెక్కించు యంత్రము ఇచ్చట నిషేధమును అనుమతిగా చదివి, తన యజమానిని గోతిలో పడద్రోయును.

తెలుగులో ఈ చిక్కు మరింత సూక్ష్మము. 'చేయవలెను' విధి; 'చేయవచ్చును' అనుమతి; 'చేయరాదు' నిషేధము. ఆంగ్లమున వేరుగా నిలుచు వ్యతిరేకపదము మన భాషలో క్రియలోనే కరగిపోవును. పైగా 'గుత్తేదారు, గుత్తేదారునకు, గుత్తేదారుచేత' అనునవి ఒకే నామపు రూపములని చెప్పనిదే యంత్రము వానిని మూడు మాటలుగా ఎంచును. తెలుగు పత్రములను యంత్రముచే చదివింపబూనినవారికి విభక్తులు, క్రియారూపములు తెలిసినవారి సాయము తప్పదు. వ్యాకరణపాఠము పరీక్షతో ముగియునని తలంచు విద్యార్థులు ఈ విషయమును గమనింపదగును.

రెండు తప్పులు, ఒక బాధ్యత

ఒక పత్రములో నిజముగా 100 నియమములున్నవనుకొందము. యంత్రము 120 వాక్యములను నియమములుగా గుర్తించెను. అందు 95 సరియైనవి. అనవసరముగా పట్టిన 25 వాక్యములవలన చదువరికి కొంత శ్రమ మాత్రమే కలుగును. విడిచిన 5 వాక్యములవలన కంట్రాక్టే పోవచ్చును. రెండును తప్పులే యైనను వాని బరువు ఒక్కటి కాదు. కావున ఈ రంగమున యంత్రమును మరీ పొదుపరిగా కాక, అనుమానమున్నదాని నెల్ల ముందుంచునట్లు తీర్చుట వివేకము.

అంతియే కాదు. యంత్రము గుర్తించిన ప్రతి నియమమును ఒక పట్టికలో చేర్చి, దానికి సమాధానము ప్రతిపాదనలో ఏ పుటయందున్నదో ఎదుట వ్రాసికొందురు. ఆ పట్టికను తుదిగా సరిచూచువాడు మనుష్యుడే. పుటను పొరపాటున దాటవేసినది యంత్రమని చెప్పి గడువును పొడిగింపుమని కోరుటకు వీలులేదు. ప్రతిపాదనపై సంతకము సంస్థదే.

మారన్ తన ప్రయోగమున 260 సంగ్రహములనుండి సూచకపదములను గ్రహించి, తక్కిన 145 సంగ్రహములను పరీక్షకై వేరుగా నుంచెను. నేర్చిన పాఠమునే అడిగినచో విద్య తెలియదు. చూడని ప్రశ్న నిచ్చినపుడే తెలియును. ఉపాధ్యాయులు ఎరిగిన ఈ సత్యము యంత్రమునకును వర్తించును. పరీక్షింపని యంత్రమును నమ్మరాదు. పరీక్షలో నెగ్గిన యంత్రము చేతికి సైతము కలమును పూర్తిగా అప్పగింపరాదు.