మైలుకు లొంగని పరుగులు

మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రం వీపు మీద జాకీ ఉంటాడు, గుర్రం దౌడు తీస్తుంది. హార్నెస్ రేసింగ్‌లో సాధారణంగా ఈ రెండూ కనబడవు. గుర్రం వెనక సల్కీ అనే రెండు చక్రాల బండి కడతారు. జట్కాలోంచి గూడు, బల్ల, ప్రయాణికులు అన్నీ తీసేసి తోలేవాడికి ఒక్క సీటు మిగిల్చినట్టుంటుంది అది. ఇక్కడ దౌడు తీయడమే తప్పు. ట్రాటర్ అయితే కుడి ముందుకాలు, ఎడమ వెనకకాలు ఒకసారి కదపాలి, ఎడమ ముందుకాలు, కుడి వెనకకాలు మరోసారి. పేసర్ అయితే ఒకే పక్కనున్న రెండు కాళ్లూ జతగా కదులుతాయి. ఆవేశం పట్టలేక గుర్రం దౌడులోకి జారిందంటే డ్రైవర్ వెంటనే పగ్గం బిగించి దాన్ని మళ్లీ దారిలో పెట్టాలి. ఈలోగా పక్కవాళ్లు దాటిపోతారు.

అమెరికాలో ఈ ఆటకు కొలత మైలు, అంటే 1609 మీటర్లు. ట్రాకు అరమైలుదైతే రెండు రౌండ్లు, మైలుదైతే ఒక్క రౌండు. ఎక్కడికి వెళ్లినా దూరం అదే. గుర్రపు జాతి కూడా ఆ కొలత మీదే తయారైంది. 1879లో అక్కడి పెంపకందారులు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం జాతి పుస్తకంలో పేరెక్కాలంటే మైలును 2 నిమిషాల 30 సెకన్లలో ట్రాట్ చేసి చూపాలి. ఒకే దూరం కావడం వల్ల నూరేళ్ల నాటి గుర్రాన్నీ నేటి గుర్రాన్నీ గడియారం పక్కన నిలబెట్టి పోల్చొచ్చు. ఆ సౌకర్యాన్ని కాదనను. కానీ గుర్రం అసలు స్వభావం బయటపడేది మైలు గీత దాటినప్పుడు, లేదా దానికి చాలా ఇవతలే పందెం ముగిసినప్పుడు. పక్కన ఎన్ని గుర్రాలున్నాయన్నది కూడా అంతే ముఖ్యం. అలాంటి విశేషాలే ఇవి.

ఊరి వీధిలో 300 మీటర్లు

నెదర్లాండ్స్‌లో కొన్ని ఊళ్లలో వేసవి వచ్చిందంటే ఒక వీధి మూసేసి, దాని మీద ఇసుక పరుస్తారు. రెండు వైపులా జనం. తిన్నగా 300 మీటర్లు, మలుపే లేదు. బరిలో రెండే గుర్రాలు. మూడు పరుగుల్లో రెండు నెగ్గినది తర్వాతి అంకానికి వెళ్తుంది, ఓడింది ఇంటికి. దీన్ని అక్కడ కోర్టెబాన్ అంటారు. శాంట్‌పోర్ట్ లాంటి ఊళ్లలో 18వ శతాబ్దం నుంచీ నడుస్తున్న వేడుక. మైలు పందెంలో మొదట కాస్త వెనకబడినా సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ మాటే లేదు. మొదటి అంగల్లో లయ తప్పితే ఆ పరుగు పోయినట్టే. సాయంత్రానికి గెలిచిన గుర్రం అదే వీధిలో ఎన్నోసార్లు పరిగెత్తి ఉంటుంది, ప్రతిసారీ మొదటిసారంత చురుగ్గా.

ఇరవై మైళ్లు, గంట లోపు

1806లో న్యూయార్క్ హార్లెమ్‌లో యాంకీ అనే గుర్రం జీనుతో, మనిషిని మోస్తూ మైలును 2 నిమిషాల 59 సెకన్లలో ట్రాట్ చేసింది. మూడు నిమిషాల గీత దాటడం ఆ రోజుల్లో పెద్ద వార్త. ఇప్పుడు 1848కి రండి. లాంగ్ ఐలాండ్‌లోని యూనియన్ కోర్స్ మైదానంలో ట్రస్టీ అనే గుర్రం 20 మైళ్లను 59 నిమిషాల 35½ సెకన్లలో పూర్తిచేసింది. భాగించి చూడండి: మైలుకు సగటున 2 నిమిషాల 59 సెకన్ల లోపే. అంటే నలభై రెండేళ్ల ముందు ఒక్క మైలుకు గొప్పగా చెప్పుకున్న వేగాన్ని, బండి లాగుతూ, ఇరవై మైళ్ల పాటు నిలబెట్టింది. ఏ మైలు రికార్డు కన్నా నాకు ఈ అంకె పెద్దదిగా కనబడుతుంది.

అంతకు ముందు ఇంగ్లండ్‌లో ఈ సరదా రోడ్ల మీదే సాగేది. 1800లో నార్ఫోక్ గుర్రం ఫినామినా 17 మైళ్లను 56 నిమిషాల్లో ముగించింది.

నూరు మైళ్లు

ఇక్కడ మాత్రం మనసు కాస్త కలుక్కుమంటుంది. 19వ శతాబ్దంలో డబ్బున్నవాళ్లు నూరు మైళ్ల పందేలు కాశారు. 1829లో అమెరికా నుంచి వెళ్లిన టామ్ థంబ్ అనే గుర్రం ఇంగ్లండ్‌లోని సన్‌బరీ కామన్‌లో నూరు మైళ్లను 10 గంటల 7 నిమిషాల్లో ట్రాట్ చేసింది. 1853 నవంబరులో లాంగ్ ఐలాండ్‌లోని సెంటర్‌విల్ మైదానంలో కాంకరర్ అనే గుర్రం దాన్ని 8 గంటల 55 నిమిషాల 53 సెకన్లకు దించింది. 160 కిలోమీటర్లు, మైలుకు అయిదు నిమిషాల పైచిలుకు, దాదాపు తొమ్మిది గంటలు. ఆ గుర్రం ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. పందెం కాసినవాళ్లకు మాత్రం కాదు. ఈ రకం పందేలు అంతరించిపోయినందుకు నాకు ఏ బాధా లేదు.

పద్దెనిమిది గుర్రాలు, 2700 మీటర్లు

పారిస్ తూర్పు అంచున విన్సెన్ అడవి. అక్కడి మైదానం 1863లో మామూలు గుర్రపు పందేల కోసం మొదలైంది, 1879 నుంచి ట్రాటింగ్‌కు నెలవైంది. ఏటా జనవరి చివరి ఆదివారం ఇక్కడ జరిగే ప్రీ ద’అమెరిక్‌ను ట్రాటింగ్ ప్రపంచం అన్నిటికన్నా పెద్ద పరీక్షగా చూస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తమకు తోడు నిలిచిన అమెరికన్లకు గౌరవంగా 1920లో పెట్టిన పందెం ఇది. దూరం మాత్రం అమెరికా మైలు కాదు, 2700 మీటర్లు. బరిలో 18 గుర్రాలు. ట్రాకు నల్లటి బొగ్గు కిట్టం పరిచినది, అదీ సమతలం కాదు. దిగుడుతో ఊరించి, చివరి మలుపుకు ముందు ఎక్కుడు పెడుతుంది. దిగుడులో తొందరపడిన గుర్రం ఆ ఎక్కుడులో లెక్క అప్పజెప్పాల్సిందే.

పద్దెనిమిది అంటే కేవలం అంకె కాదు. ప్రతి గుర్రం వెనకా రెండు చక్రాలున్నాయని మరచిపోకూడదు. లోపలి కమ్మీని పట్టుకుని వెళ్లేది దగ్గర దారే, కానీ ముందొకటి, పక్కనొకటి కమ్ముకుంటే కాళ్లలో బలం ఉన్నా బయటికి రాలేదు. బయట నుంచి వెళ్దామంటే దూరం పెరుగుతుంది. కమ్మీ నుంచి ఒక్క మీటరు బయటికి జరిగి పూర్తి రౌండు కొడితే ఆరు మీటర్ల పైచిలుకు అదనం. మూడు మీటర్లు జరిగితే దాదాపు పంతొమ్మిది. ఎనిమిది గుర్రాల పందెంలో మూడో వరస అరుదుగా అవసరమవుతుంది. పద్దెనిమిదిలో ఎవరో ఒకరు ఆ దారి పట్టక తప్పదు.

ఈ గుంపులో నాలుగుసార్లు నెగ్గింది ఊరాజీ అనే గుర్రం. 1986, 1987, 1988 వరసగా, 1989లో ఓటమి, మళ్లీ 1990లో పదేళ్ల వయసులో గెలుపు. మొదటి మూడు గెలుపుల్లో పగ్గాలు పట్టిన జాన్ రెనే గూజోన్ 1990లో అనారోగ్యంతో ఉంటే తమ్ముడు మిషెల్ మార్సెల్ తోలాడు. ఫ్రెంచి జనం ఊరాజీని ముద్దుగా ‘సోమరి రాజు’ అనేవారు. పందెం చాలాసేపు వెనక వరసల్లో తీరిగ్గా సాగి, చివరి తిన్నని దారిలో అందరినీ చుట్టేసేది కాబట్టి. దగ్గరి దూరంలో ఆ ఆట సాగదు. పందెం అంత పొడుగ్గా ఉండబట్టే ఆ సోమరితనం వ్యూహమైంది. 2013లో, దాదాపు 33 ఏళ్లు బతికి, అది చనిపోయినప్పుడు ఫ్రాన్స్ అంతా చెప్పుకుంది.

ఇంతమందిని వదిలేదెలా?

మామూలు రేసుల్లో గుర్రాలను గేటు గదుల్లో పెట్టి తలుపులు తీస్తారు. సల్కీ కట్టిన గుర్రానికి అది కుదరదు. యూరప్‌లో పాత పద్ధతి ఏమిటంటే, గుర్రాలు గీతకు వెనక చిన్న చిన్న గుంపులుగా తిరుగుతుంటాయి. స్టార్టర్ మాట వినగానే అందరూ ఒకేసారి ముందుకు తిరిగి పరుగందుకోవాలి. ఒక్కటి తొందరపడినా మళ్లీ మొదటికి. చూసేవాళ్ల గుండె కూడా ఆ కాసేపు గుర్రాలతో పాటే తిరుగుతుంది.

అమెరికాలో ఈ గొడవకు విరుగుడుగా స్టీఫెన్ ఫిలిప్స్ చేసిన కదిలే గేటు 1946లో న్యూయార్క్ దగ్గరి రూజ్‌వెల్ట్ రేస్‌వేలో వాడుకలోకి వచ్చింది. కారుకు రెండు వైపులా రెక్కలుంటాయి. గుర్రాలు వాటి వెనక వేగం పుంజుకుంటూ వస్తాయి. గీత దగ్గర రెక్కలు ముడుచుకుని కారు తప్పుకుంటుంది. అయితే రెక్క ఎంత పొడవుంటే ముందు వరసలో అన్నే గుర్రాలు. అరమైలు ట్రాకుల్లో ముందు వరసలో ఎనిమిదే. విన్సెన్‌లో తొమ్మిది. మిగతావి రెండో వరసలో నిలుస్తాయి.

ఒకే చలికాలం, మూడు దూరాలు

జనవరిలో 2700 మీటర్లు అయ్యాక, ఫిబ్రవరిలో విన్సెన్‌లోనే ప్రీ ద ఫ్రాన్స్, 2100 మీటర్లు, కారు వెనక నుంచి. ఆ తర్వాత ప్రీ ద పారీ, 4150 మీటర్లు. అంటే రెండున్నర మైళ్లకు పైనే. మొదటిదానికి తెలివి, రెండోదానికి చురుకు, మూడోదానికి ఊపిరి. ఒకే గుర్రం మూడూ ఒకే ఏడాది నెగ్గడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

బాగా పరిగెత్తావు, వెనక్కి నిలబడు

న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లోని ఆడింగ్టన్‌లో 1904లో మొదలైన ట్రాటింగ్ కప్ రెండు మైళ్ల పందెం. ఇప్పుడది 3200 మీటర్లు. కదిలే కారు వెనక కాక, కదలకుండా నిలబడ్డ చోటి నుంచి మొదలయ్యే పందెంగా దానికి పేరు. ఆ దేశంలో గెలుపులకు శిక్షలాంటిది ఉండేది. నెగ్గుతున్న గుర్రాన్ని మిగతావాటికి కొన్ని గజాల వెనక నిలబెట్టేవారు. ఇంకా నెగ్గితే ఇంకా వెనక్కి. అలాంటి రోజుల్లో ఇండియానాపోలిస్ అనే గుర్రం 1934, 1935, 1936 కప్పులు మూడూ పట్టుకుపోయింది.

ఈ పద్ధతిలో పెరిగిందే కార్డిగన్ బే. అమెరికా వెళ్లి, 1968లో పన్నెండేళ్ల వయసులో, పది లక్షల డాలర్లు గెలిచిన మొట్టమొదటి హార్నెస్ గుర్రమైంది.

న్యూజిలాండ్ దీవుల్లో, పక్కనే ఉన్న ఆస్ట్రేలియాలో ఒకప్పుడు దూరపు పందెమే రివాజు, మైలే వింత. అందుకే 1967లో సిడ్నీ హరాల్డ్ పార్క్‌లో ఒట్టి మైలు పందెం పెట్టి దానికి ‘మిరకిల్ మైల్’ అని పేరు పెట్టారు. అమెరికాలో రోజూ జరిగేది ఇక్కడ అద్భుతమైంది.

రాజును ఎన్నుకునే లెక్క

ఫిన్లాండ్ వాళ్లకు తమ సొంత జాతి గుర్రమంటే ప్రాణం. పొలం దున్నింది, అడవి దుంగలు లాగింది, యుద్ధానికి వెళ్లింది ఆ గుర్రమే. ఏటా వేసవిలో వాటిలోంచి ఒక రాజును, ఒక రాణిని తేలుస్తారు. 1924లో మొదలైన కునింకూస్‌రావిత్ ఇది. రెండు రోజుల్లో మూడు పరుగులు: శనివారం 2100 మీటర్లు, ఆదివారం 1609, ఆపైన 3100. మూడింటి కాలాలూ కూడి, ఎవరి మొత్తం తక్కువైతే వారికే కిరీటం. మూడో పరుగులో ముందొచ్చినా కిరీటం దక్కకపోవచ్చు, నాలుగో స్థానంలో వచ్చినా దక్కొచ్చు. మైదానంలో జనం కూడికలు వేసుకుంటూ చూస్తారు. ఒక్క పరుగులో తేలిపోయే ఛాంపియన్ కన్నా ఇది న్యాయమైన ఎంపిక అని నా అభిప్రాయం.

ఒకే మధ్యాహ్నం మళ్లీ మళ్లీ

స్టాక్‌హోమ్ సోల్‌వల్లాలో మే చివరి ఆదివారం జరిగే ఎలిట్‌లోపెట్ మైలు పందెమే. కానీ ఎనిమిదేసి గుర్రాలతో రెండు వడపోతలు, ఒక్కోదాంట్లోంచి నాలుగు గుర్రాలు, అదే రోజు ఫైనల్. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డెలవేర్‌లో 1946 నుంచి జరిగే లిటిల్ బ్రౌన్ జగ్ కూడా ఇలా వడపోతల పందెమే, అదీ అరమైలు ట్రాకు మీద. మంచి చోటు పోకుండా జనం ముందుగానే కుర్చీలు తెచ్చి కంచెకు గొలుసులతో కట్టేసుకుంటారు.

పాతకాలం ఇంకా కఠినం. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా జరిగిన పెద్ద పందెంలో ఆలిక్స్ అనే ఆడగుర్రం తొమ్మిది పరుగుల తర్వాత గాని గెలవలేదు. మరుసటి ఏడే మైలును 2 నిమిషాల 3¾ సెకన్లలో చుట్టి ప్రపంచ రికార్డు పెట్టింది.

ఆర్టిచోక్‌లు లేనిదే ముద్ద దిగదు

1959లో రూజ్‌వెల్ట్ రేస్‌వే వాళ్లు పలు దేశాల ట్రాటర్లను పిలిచి, మైలు పక్కన పెట్టి, మైలున్నర పందెం పెట్టారు. ఫ్రాన్స్ నుంచి జామాన్ వచ్చింది, అప్పటికే రెండుసార్లు ప్రీ ద’అమెరిక్ గెలిచిన గుర్రం. దానికి ఆర్టిచోక్ అనే కూరగాయ లేకపోతే ముద్ద దిగదు. తెచ్చుకున్న ఆర్టిచోక్‌లను అమెరికా అధికారులు ఆపేశారు. కథ పత్రికలకెక్కింది. కాలిఫోర్నియా నుంచి ఆర్టిచోక్‌లు విమానంలో వచ్చాయి. జామాన్ తిన్నది, పరిగెత్తింది, 45 వేలకు పైగా జనం ముందు గెలిచింది. దూరపు పందేలకు అలవాటు పడ్డ యూరప్ గుర్రానికి ఆ అదనపు అరమైలు కలిసొచ్చిందనే నేను నమ్ముతాను. 1995 తర్వాత ఆగిపోయిన ఆ పందాన్ని 2015లో న్యూయార్క్ యాంకర్స్ మైదానంలో మైలుంబావు దూరానికి తిరిగి మొదలుపెట్టారు.

ఏ దూరమైనా సరే

1932లో పుట్టిన బూడిద రంగు గుర్రం గ్రేహౌండ్. 1938లో మైలును 1 నిమిషం 55¼ సెకన్లలో ట్రాట్ చేసింది. ఆ రికార్డు 1969 దాకా చెక్కుచెదరలేదు. మరుసటి ఏడాది రెండు మైళ్లను 4 నిమిషాల 6 సెకన్లలో ముగించింది, అంటే రెండో మైల్లోనూ పట్టు వదల్లేదన్నమాట. అదే ఏడాది రోజలిండ్ అనే ఆడగుర్రంతో జోడీగా ఒకే బండి లాగి, మైలును 1 నిమిషం 58¼ సెకన్లలో పూర్తిచేసింది. 1940లో బండి విప్పేసి జీను వేశారు. ఫ్రాన్సిస్ డాడ్జ్ అనే యువతి స్వారీ చేయగా మైలును 2 నిమిషాల 1¾ సెకన్లలో ట్రాట్ చేసింది. జీనుతో ట్రాట్ చేసిన గుర్రాల్లో ఆ రికార్డు అర్ధ శతాబ్దానికి పైగా నిలిచింది.