వగరు చూసి వైను... కొరికి చూసి సోనా!

బియ్యం కొట్టు ముందు ఓ పెద్దావిడ. సంచిలోంచి నాలుగు గింజలు తీసి అరచేతిలో వేసుకుంది. వేలితో రుద్ది, తెల్లపొడి అంటుతుందేమో చూసింది. రంగు చూసింది. ఒక గింజను పంటి కింద పెట్టి టక్కున కొరికింది. 'కొత్తవి నాయనా ఇవి... పాతవి చూపించు' అంది.

గోస్పాడు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఇదేమంత వింత కాదు. ఇటలీలో ఇదే పనిని గాజుగ్లాసుతో చేస్తారు. తెల్లటి గుడ్డ మీద గ్లాసును వంచి ఎర్రవైను రంగు చూస్తారు. గుండ్రంగా తిప్పి వాసన పీలుస్తారు. ఆ తర్వాతే గుక్క. లేత వైను ఊదారంగు కలిసిన ఎరుపులో ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అంచున ఇటుకరంగుకు తిరుగుతుంది. మన పాతబియ్యం కూడా తెలుపు తగ్గి కాస్త పసుపుపచ్చగా మారినట్టే!

ఇక రుచి. ఇటలీ ఎర్రవైన్లలో పేరున్నవాటికి ప్రాణం వగరు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లదే ఆ గుణం. పిందె జామకాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. పీడ్‌మాంట్‌ కొండల్లో నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలోకు ఈ వగరు మరీ ఎక్కువ. అందుకే కనీసం 38 నెలలు ఆగితే తప్ప దాన్ని అమ్మకూడదని నిబంధన. అందులో 18 నెలలు కొయ్య పీపాల్లోనే ఉండాలి. కొవ్వున్న మాంసంతో తీసుకుంటే ఆ వగరు మెత్తబడుతుంది. దేనికేది జోడీ అన్నది మన ఇళ్లలో తెలియనిదా? పొంగలికి కొత్తబియ్యం, పులిహోరకు పాతబియ్యం!

ఇక్కడివారు సోనా అని పిలిచేది ఎక్కువగా బీపీటీ 5204. అసలు పేరు సాంబమసూరి. 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. దాదాపు 150 రోజుల పంట. కేసీ కాలువ నీళ్లు ఆఖరుదాకా అందాలి, అగ్గితెగులు రాకూడదు. ఇన్ని గండాలు దాటి పంట ఇంటికొచ్చినా, కోసిన వెంటనే వడ్లు అమ్ముకునే రైతుకు పాతబియ్యం ధర దక్కదు. నిల్వ పెట్టుకోగలిగినవారికే ఆ లాభం. అప్పు వడ్డీ పెరుగుతుంటే ఏడాదిపాటు వడ్లను ఎవరు దాచుకోగలరు?

పేరు సంగతి ఇంకో కథ. ఇటలీలో కియాంటీ వైను ఏ ఊళ్ల మధ్య పండిన ద్రాక్షదై ఉండాలో 1716లోనే టస్కనీ పాలకుడు మూడో కోసిమో హద్దులు గీశాడు. 1932లో ఆ హద్దుల్ని బాగా పెంచేసి, చుట్టుపక్కల వైనునూ కియాంటీ అనుకోనిచ్చారు. పాతహద్దుల్లోని దానికి 'క్లాసికో' అన్న తోకపేరు మిగిలింది. సీసా మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటే అది క్లాసికో. కొనేవాళ్లు వెతికేదీ ఆ పుంజునే. పక్కనే పంట సంవత్సరం కూడా ఉంటుంది.

కర్నూలు సోనా సంచి మీద మామూలుగా మిల్లు పేరుంటుంది, దేవుడి బొమ్మ ఉంటుంది. ఏ ఊరి మడిలో పండింది, ఏ ఏటి పంట అన్నది మాత్రం కనపడదు. నంద్యాల జిల్లాలోనే ఉన్న బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పండు ఎక్కడిదో చెప్పుకోవడానికి ఓ ఆధారం దొరికింది.

ఈమధ్య కొరికి చూడటం కూడా చాలడం లేదు. కొత్త వడ్లకు ఆవిరి పట్టించి ఆడించిన 'స్టీమ్‌' బియ్యం వండితే పాతవాటిలాగే పొడిపొడిగా వస్తాయి. తినడానికేం ఇబ్బంది లేదు, పాతబియ్యం పేరుతో అంటగడితేనే పేచీ. అందుకే ఆ పెద్దావిడ రెండో సంచి కూడా వెంటనే కొనలేదు. గుప్పెడు బియ్యం కొంగున కట్టుకుని, 'వండి చూసి రేపొస్తా' అని ఇంటిదారి పట్టింది.