ఫ్యాటెన్ అంటే కొవ్వెక్కించడమేనా?

మొన్న శామీర్‌పేట దగ్గర పొట్టేళ్ల షెడ్డులో వీడియో తీస్తుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, లోన్ కాగితాల్లో ర్యామ్ ల్యాంబ్ ఫ్యాటెనింగ్ అని ఉంది. అంటే పిల్లలకు కొవ్వు పట్టించాల్నా?"

మంచి ప్రశ్న. ఈ మాటను తప్పుగా అర్థం చేసుకుని నేను కూడా నష్టపోయినవాడినే. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇంగ్లీషులో ఫ్యాట్ అంటే కొవ్వు, లావు అని కూడా. దానికి చివర "ఎన్" చేరితే పని చెప్పే మాట అవుతుంది. వైడ్ నుంచి వైడెన్, షార్ట్ నుంచి షార్టెన్ వచ్చినట్టే ఫ్యాట్ నుంచి ఫ్యాటెన్. లావు చేయడం, లావు కావడం, రెండిటికీ వాడతారు. తిండి గురించి "ఫ్యాటెనింగ్" అంటే తింటే ఒళ్లొచ్చేది అని. కానీ పశుపోషణలో దీని అర్థం వేరు: అమ్మే ముందు కొన్నాళ్లు బాగా మేపి, బరువు పెంచడం. మన మాటలో చెప్పాలంటే "ఒళ్లు చేయించడం". కోస్తాలో పీతల ఫ్యాటెనింగ్ చూడండి. గుల్ల విడిచి మెత్తగా, నీళ్లతో ఉన్న పీతను కొన్ని వారాలు మేపుతారు. గుల్ల గట్టిపడి, లోపల కండ నిండుతుంది. అక్కడ పెంచేది కొవ్వు కాదు, కండ.

మరి నేను చేసిన తప్పేంటి? మొదటి బ్యాచ్‌లో "ఎంత పెడితే అంత బరువు" అనుకుని, కొత్తగా తెచ్చిన పిల్లలకు ఒకేసారి మక్కలు దండిగా పోశాను. మూడోరోజు రెండు పిల్లలు కడుపుబ్బి పడిపోయాయి. ఎంత తిప్పలు పడ్డా దక్కలేదు.

కారణం ఇదీ. గొర్రె నెమరు వేసే జీవి. గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే పెద్ద పొట్టలో ఆమ్లం పెరిగి అరుగుదల ఆగిపోతుంది. చిటుకు రోగం వచ్చే ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. ఇంకో సంగతి: కండలో దాదాపు ముప్పావు వంతు నీరే, కొవ్వులో నీరు చాలా తక్కువ. కాబట్టి కిలో కొవ్వు పెరగడానికి కిలో కండ కంటే చాలా ఎక్కువ మేత ఖర్చవుతుంది. కొవ్వెక్కిస్తే మన జేబుకే చిల్లు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి:

1. పాలు మరిచిన 3–4 నెలల పిల్లలను తెచ్చి, మంద నుంచి కొన్నాళ్లు విడిగా ఉంచుతాను. నట్టల మందు, చిటుకు, పారుడు టీకాలు పశువైద్యుని సలహాతో వేయిస్తాను.
2. మొదట పచ్చిమేత, ఎండుమేత. అవిశ, సుబాబుల్, దశరథ గడ్డి గట్ల మీదే పెంచుకుంటాను. కంది పొట్టు, వేరుశనగ కట్టె ఎండుమేతకు పనికొస్తాయి.
3. దాణా రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాల్లో మెల్లగా 200–250 గ్రాములకు తీసుకెళ్తాను. మక్కలు, తవుడు, పల్లి చెక్క, కొంచెం ఉప్పు, ఖనిజ లవణాలు.
4. వారానికోసారి నడుము మీద చెయ్యి పెట్టి చూస్తాను. వెన్నెముక గుచ్చుకుంటే ఇంకా మేపాలి. గట్టిగా నొక్కితే గానీ తగలకపోతే ఆపి అమ్మాలి. మూడు నాలుగు నెలలు చాలు.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ బీళ్లన్నీ ప్లాట్లయిపోయాయి. తిప్పి మేపే చోటు తగ్గింది కాబట్టే షెడ్డు పెంపకం పెరిగింది. ఒకప్పుడు చేలో మంద కట్టించి ఎరువు వేయించుకునేవాళ్లం. ఇప్పుడు షెడ్డులోని పెంటికలు, మూత్రం చేనుకు చేరిస్తే నేల కూడా బాగుపడుతుంది.

మన భాషలో "బలిసింది" అంటే తిట్టు, "బలపడింది" అంటే మెచ్చుకోలు. పొట్టేలైనా నేలైనా మనం చేయాల్సింది బలిపించడం కాదు, బలపరచడం. లోన్ కాగితంలో ఫ్యాటెనింగ్ అనే ఉండనివ్వండి, షెడ్డులో మాత్రం ఈ తేడా మరవకండి. నడుము పట్టి చూసే విధానం వీడియోలో చూపించాను, చూసి మీ అనుభవం చెప్పండి.