లిమక్స్

లిమక్స్ అనేది జర్మనీ దేశంలోని బవేరియా రాష్ట్ర రాజధానియైన మ్యూనిచ్ నగరపాలక సంస్థ చేపట్టిన కంప్యూటర్ పథకం. తన కార్యాలయాలలోని సుమారు 15,000 కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ విండోస్ నుండి లినక్స్‌కు మార్చడం దీని లక్ష్యం. ప్రభుత్వ కార్యాలయాలు ఒకే సాఫ్ట్‌వేర్ సంస్థపై ఆధారపడటం గురించి చర్చ జరిగినప్పుడల్లా ఈ పథకం ఉదాహరణగా పేర్కొనబడుతుంది.

ఆధారపడటం ఎలా ఏర్పడుతుంది

ఒక కార్యాలయం ఒక సంస్థ సాఫ్ట్‌వేర్‌ను కొన్నప్పుడు కేవలం ఒక వస్తువును కొన్నట్లు కాదు. ఏళ్ళ తరబడి తయారైన దస్త్రాలు ఆ సాఫ్ట్‌వేర్ మాత్రమే సరిగా చదవగల రూపంలో నిలువ ఉంటాయి. దరఖాస్తు ఫారాలు, లేఖల నమూనాలు దాని మీదనే తయారవుతాయి. పన్నులు, జనన మరణాల నమోదు వంటి పనులకు ఇతర సంస్థలు వ్రాసిన ప్రోగ్రాములు కూడా అదే ఆపరేటింగ్ సిస్టమ్ మీద మాత్రమే నడుస్తాయి. సిబ్బందికి అలవాటైనది కూడా అదే. కాబట్టి విక్రేత ధర పెంచినా, పాత కూర్పునకు మద్దతు నిలిపివేసినా కొనుగోలుదారు సులభంగా మరొకరి వద్దకు పోలేడు. మారడానికి అయ్యే ఖర్చు ఏటేటా పెరుగుతూ ఉంటుంది.

నేపథ్యం

మ్యూనిచ్ కార్యాలయాలలో విండోస్ ఎన్‌టీ 4.0 వాడుకలో ఉండేది. దీనికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగియనుండటంతో, కొత్త కూర్పు కొనడమా, వేరొక మార్గం చూడడమా అన్న ప్రశ్న తలెత్తింది. 2003లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా మ్యూనిచ్ వచ్చి మేయర్ క్రిస్టియన్ ఊడెను కలిశాడు. సంస్థ తన ధరను కూడా తగ్గించింది. అయినప్పటికీ అదే ఏడాది మే నెలలో నగర మండలి లినక్స్ వైపు మొగ్గింది. ధర కంటే స్వతంత్రతకే ఈ నిర్ణయంలో ప్రాధాన్యం లభించింది.

అమలు

కంప్యూటర్ల మార్పిడి 2006లో మొదలై 2013లో ముగిసింది. ముందుగా డెబియన్, తరువాత ఉబుంటు ఆధారంగా నగరం తన సొంత లినక్స్ కూర్పును తయారు చేసుకుంది. అసలు కష్టం ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చడంలో కాక, వేలాది ఫారాలను, నమూనాలను తిరిగి తయారు చేయడంలో ఎదురైంది. ఇందుకోసం వోల్‌మక్స్ అనే ఉపకరణాన్ని నగర సిబ్బందే రూపొందించారు. ఇది 2008లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలైంది. దస్త్రాల కొరకు ఓపెన్ డాక్యుమెంట్ రూపాన్ని స్వీకరించారు. 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఈ రూపాన్ని ఏ సంస్థ అయినా తన సాఫ్ట్‌వేర్‌లో ఉపయోగించుకోవచ్చు.

ఈ పథకం వల్ల కోటి యూరోలకు పైగా ఆదా అయినదని నగరం 2012లో ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ చేయించిన ఒక అధ్యయనం దీనికి భిన్నమైన లెక్కలు చూపగా, నగరం వాటిని అంగీకరించలేదు.

తిరిగి విండోస్‌కు

2014లో డీటర్ రైటర్ మేయర్ అయిన తరువాత పరిస్థితి మారింది. ఇతర కార్యాలయాల నుండి వచ్చే దస్త్రాలు సరిగా తెరుచుకోకపోవడం, కొన్ని ప్రత్యేక ప్రోగ్రాములు విండోస్ మీదనే నడవడం సిబ్బందికి ఇబ్బందిగా ఉండేవి. నగరం కోరగా సలహా సంస్థలు ఇచ్చిన 2016 నాటి నివేదిక, సమస్యలలో అధిక భాగం కంప్యూటర్ విభాగాల నిర్వహణ లోపాలకు సంబంధించినవని తెలిపింది. అయినా 2017లో నగర మండలి తిరిగి విండోస్‌కు మారాలని నిర్ణయించింది. అంతకు ముందు సంవత్సరమే మైక్రోసాఫ్ట్ తన జర్మనీ ప్రధాన కార్యాలయాన్ని మ్యూనిచ్ నగరంలోకి మార్చడం విమర్శలకు తావిచ్చింది.

తదనంతర పరిణామాలు

2020లో నగరంలో అధికారానికి వచ్చిన కూటమి, సాధ్యమైనంత వరకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను, బహిరంగ ప్రమాణాలను వాడతామని తన ఒప్పందంలో చేర్చింది. 2024లో ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వం సుమారు 30,000 కంప్యూటర్లను లిబ్రెఆఫీస్‌కు మార్చే నిర్ణయం ప్రకటించింది.

ప్రాముఖ్యత

లినక్స్ విఫలమైనదనడానికి కొందరు, రాజకీయ సంకల్పం సడలినదనడానికి మరికొందరు లిమక్స్‌ను ఉదహరిస్తారు. చుట్టూ ఉన్న కార్యాలయాలన్నీ పాత రూపంలోనే దస్త్రాలు పంపుతూ, ప్రోగ్రాములు వ్రాసేవారు ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌ను దృష్టిలో ఉంచుకున్నంత కాలం, ఒక్క నగరం ఒంటరిగా బయటపడటం ఎంత కష్టమో ఈ అనుభవం తెలుపుతున్నది. అందుచేత సాఫ్ట్‌వేర్ కొనే సమయంలోనే, దస్త్రాలను మరొక సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకునే వీలు ఉన్నదో లేదో ప్రభుత్వ కార్యాలయాలు పరిశీలించవలసి ఉంటుంది.